శరత్కాలపు చిన్న మడి
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



తరతరములుగా ఈ ప్రాంతములలో స్థిరపడిన మన కుటుంబములలో అనేకులకు పొలములు లేకపోవచ్చును. కాని పెరటిలో 4 అడుగుల మడి యొకటి పెక్కిండ్లలో కలదు. ఆశ్వయుజ కార్తికములలో ఆ మడిలో ఏమి వేయవలెనని నేడు మేము విచారింపదలచితిమి. చోటు కొంచెము, ఆశ యెక్కువ. కావున ఎంపికయే ముఖ్యము.

మొదట ఆకాశమును చూడవలెను. మనమందరము ఒకే పంచాంగమును చూచుచున్నను, మనపై కురియు వాన ఒకటి కాదు. చెన్నపట్టణమున అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనము వీచును. సంవత్సరపు వానలో అధికభాగము అప్పుడే కురియును. అచ్చట మడిని జానెడెత్తున కట్టి, చుట్టును కాలువ తీయనిచో విత్తనము కుళ్ళును. బరంపురమునకు, యానామునకు ఇది తుఫానుల కాలము. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ సమీపముననే తీరము దాటినది గదా! అచ్చట నారును కుండీలలో పెంచి, వాన తెరపి యిచ్చిన పిమ్మట నాటుట మేలు. షోలాపురమున వానలు వెనుకబట్టగా నల్లరేగడి నెఱ్ఱెలు విచ్చును. పశువుల ఎరువు కలిపి, ఎండుటాకు కప్పి, తడి నిలుపుకొనవలెను. బెంగుళూరి చల్లదనము ముల్లంగికి, క్యారెట్టుకు, బఠాణీకి అనుకూలము.

రెండవది దినముల లెక్క. క్యాబేజీకి మొక్కకు మొక్కకు అడుగున్నర ఎడము కావలెను. మన మడిలో 9 మొక్కలకు మించి పట్టవు; సుమారు 3 మాసములు కాచుకొనవలెను. అదే చోట మెంతికూర, తోటకూర నెల దినములలో కోతకు వచ్చును. ముల్లంగికి 45 దినములు చాలును. పాలకూర కోసినకొలది మరల చిగిర్చును. ధనియములను నలిపి బద్దలుచేసి చల్లవలెను. మొలకకు 10 దినములు పట్టును గనుక తొందరపడి మడిని కెలుకరాదు. అంతయు ఒక్కనాడే విత్తక, మడిని మూడు పాళ్ళు చేసి, 10 దినములకొక పాలు విత్తినచో వంటింటికి ఆకుకూర ఎడతెగక అందును.

ఇక మన మనస్సునకు మిక్కిలి దగ్గరైనది గోంగూర. శరత్తులో విత్తిన గోంగూర నాలుగాకులు వేసి పూతకు దిగును. అది ఎరువు లోపము కాదు, చేతి దోషము కాదు. పగలు కురుచయైనచో పూయుట ఆ మొక్క స్వభావము. పందిరి మీది నాటు చిక్కుడు ఈ కురుచ పగళ్ళకే కాయును. ఆషాఢమున పెట్టిన పాదును ఇప్పుడు పెరికివేయరాదు. కావున ఈ ఋతువున గోంగూరకు క్రొత్తగా చోటీయవలదు. వానకాలమున వేసిన మొక్కలలో రెండింటిని కోయక విడిచి, కాయలు ఎండిన పిదప విత్తులు తీసి, నీడన ఆరబెట్టి, మూతగల సీసాలో దాచుడు. వేసవి చివర విత్తుకొనవచ్చును.

దీనినే షోలాపురమున అంబాడీ అందురు. తమిళమున పుళిచ్చకీరై, ఉత్తర కర్ణాటకమున పుండి. ఇరుగుపొరుగువారి పేరు నేర్చుట మంచిదే, అంగడిలో అదియే పనికివచ్చును. కాని ఇంటి పేరు ఇంట పలుకకపోయినచో మరి యెచ్చట పలుకుదురు? తెలుగు బడి లేని వీధులలో పెరుగు మన బిడ్డలకు మడి, పాదు, నారు, కలుపు, తొలకరి అను మాటలు చేతికి మన్నంటినప్పుడే వచ్చును. అందుచేత విత్తు పనిని పిల్లలచేత చేయింపుడని మా మనవి.

వచ్చు సమావేశమునకు ప్రతి కుటుంబమును పిడికెడు ఇంటి విత్తనములు తెచ్చి, పొట్లముపై వాని పేరును, విత్తవలసిన మాసమును పిల్లలచేత తెలుగున వ్రాయించుడు. లేనివారికి ఉన్నవారు పంచిపెట్టుదురు గాక.