శాఖ ఒకరిది, పెత్తనం మరొకరిది

నల్లపాడులో రైలెక్కితే కాసేపట్లో నరసరావుపేటలో దిగుతాం. అంత దగ్గరున్న మీ ఊళ్లో నరసరావుపేట నాయకుడు కాసు బ్రహ్మానందరెడ్డి గురించి కొత్తగా చెప్పేదేముంది? ముఖ్యమంత్రిగా ఆయన సంగతి పెద్దవాళ్లకు తెలుసు. ఢిల్లీలో ఆయన మాట ఎంత చెల్లిందన్నదే ఇవాళ్టి విషయం.

1909లో నరసరావుపేట దగ్గర చిరుమామిళ్లలో పుట్టిన ఆయన వృత్తికి వకీలు. సంజీవరెడ్డి మంత్రివర్గంలో ఆర్థికశాఖ చూశారు. కర్నూలు బస్సు రూట్ల కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత సంజీవరెడ్డి తప్పుకోగా, 1964 ఫిబ్రవరి 29న ముఖ్యమంత్రి అయ్యారు. ఏడున్నరేళ్లు నిలిచారు.

ఆ రోజుల్లో ఆయన సంతకానికి బరువుండేది. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ గుంటూరు, ప్రకాశం మెట్టపొలాల దాకా వచ్చింది. ఆ ఏడాదే ఆంధ్రా యూనివర్సిటీ గుంటూరులో పీజీ సెంటర్ పెట్టింది. మీ నల్లపాడులో నడిచిన ఆ సెంటరే తర్వాత నాగార్జున యూనివర్సిటీకి పునాది అయింది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది. అయితే 1966లో విశాఖ ఉక్కు ఉద్యమంలోనూ, 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలోనూ పోలీసు కాల్పులు జరిగింది ఆయన హయాంలోనే. ఆ లెక్క కూడా ఆయన ఖాతాలోనే రాయాలి. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ప్రత్యేక రాష్ట్రం కోరిన తెలంగాణ ప్రజాసమితి అక్కడి 14 సీట్లలో 10 గెలిచింది. సెప్టెంబరు నెలాఖరుకు ఆయన కుర్చీ దిగారు.

ఇక ఢిల్లీ సంగతి. 1974 అక్టోబరులో కేంద్ర హోంమంత్రి. పేరుకు ప్రధాని తర్వాత అంత పెద్ద పదవి! 1975 జూన్ 25న రాత్రి బాగా పొద్దుపోయాక ప్రధాని ఇంటినుంచి కబురొచ్చింది. వెళ్లేసరికి ఎమర్జెన్సీ పెట్టాలన్న నిర్ణయం అయిపోయి ఉంది. 1971 యుద్ధం నాటి ఎమర్జెన్సీ ఇంకా అమల్లోనే ఉంది కదా, ఆ అధికారాలు చాలవా అని అడిగానని తర్వాత ఎమర్జెన్సీపై విచారణ జరిపిన షా కమిషన్‌కు చెప్పారు. అడిగి ఊరుకోలేదు, రాష్ట్రపతికి పంపే లేఖ మీద సంతకమూ పెట్టారు. హోంశాఖలో అసలు పెత్తనం సహాయమంత్రి ఓం మెహతాదని అప్పట్లో అందరూ అనుకునేవారు. కాసు రాజీనామా మాత్రం చేయలేదు. ఇది ఆయన అభిమానులకు ఇబ్బందిగానే ఉంటుంది.

1977లో నరసరావుపేట నుంచి లోక్‌సభకు గెలిచి కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. 1978 జనవరిలో పార్టీ చీలింది. ఫిబ్రవరిలో రాష్ట్రంలో ఇందిరా కాంగ్రెస్‌కు 175 సీట్లొస్తే, జనం రెడ్డి కాంగ్రెస్ అని పిలిచిన ఆయన పార్టీకి 30 వచ్చాయి. 1979లో చరణ్‌సింగ్ ప్రభుత్వంలో పరిశ్రమల మంత్రి. 1980లో మళ్లీ నరసరావుపేటే, ఈసారి ఇందిర పార్టీ టికెట్ మీద. 1988లో మహారాష్ట్ర గవర్నరుగా పంపింది ఇందిర కొడుకు రాజీవ్ ప్రభుత్వమే.