మన విల్లు వేగం మనమే కొలుద్దాం

(యువజన శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగం. వినలేకపోయిన వాళ్ళ కోసం ఇక్కడ రాసి పెడుతున్నాం.)



ఈ మాటలు చదువుతున్న మీరు కూడా ఏదో ఒక ఆగస్టు 9న ర్యాలీలో విల్లు పట్టుకుని ఫోటో దిగే ఉంటారు. నేనూ దిగాను. ఆ రోజు నా చేతిలో ఉన్నది డెకరేషన్ షాపులో కొన్న ప్లైవుడ్ విల్లు. దానికి నారి బదులు ప్లాస్టిక్ తాడు, పైన బంగారు రంగు. ర్యాలీ అయ్యాక మా ఊరి తాత ఒకాయన దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏరా, దీంతో బాణం పోద్దా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. డిగ్రీ చదివాను, సభల్లో మాట్లాడతాను, కొమరం భీం పేరు చెప్పి నినాదం ఇస్తాను. నా చేతిలో విల్లు మాత్రం ఉత్త బొమ్మ.

మర్నాడే నలుగురం కలిసి ఆ తాత దగ్గరికి పోయాం. "మాకు విల్లు చెయ్యడం నేర్పు తాతా" అన్నాం. "ఇప్పుడు కాదు, చలికాలం రండి" అన్నాడు. మమ్మల్ని తప్పించుకోడానికి అన్నాడేమో అనుకున్నాం. తర్వాత అర్థమైంది. వానల్లో కొట్టిన వెదురులో చెమ్మ, తీపి ఎక్కువుంటాయి. దానికి పురుగు తొందరగా పడుతుంది. చలికాలంలో కొట్టింది నిలుస్తుంది.

వెదురు అంటే ఏ వెదురైనా కాదు. మొదలు దగ్గర లోపల దాదాపు గట్టిగా ఉండే సాధనపు వెదురు కావాలి. అందులోనూ మూడేళ్ళు దాటిన బొంగు. లేతది వంగుతుంది కానీ వంగినట్టే ఉండిపోతుంది, తిరిగి రాదు. కొట్టిన బొంగుని చీల్చి, పొయ్యి పైన అటక మీద నెలల తరబడి ఆరబెట్టాలి. ఆ తర్వాతే కత్తి పట్టాలి.

తాత చెప్పిన మొదటి నియమం ఇది: వెదురు బయటి తోలు బాణం పోయే వైపు ఉండాలి, దాన్ని గీకకూడదు. విల్లు లాగినప్పుడు బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుంటుంది. సాగే బలమంతా ఆ పచ్చని తోలు కిందున్న నారలోనే ఉంది. గీకేది లోపలి వైపు మాత్రమే. కొంచెం గీకి, నెమ్మదిగా లాగి, రెండు చేతులూ ఒకేలా వంగుతున్నాయా అని చూడాలి. వంగని చోట గీకాలి. ఎక్కువ వంగిన చోట కత్తి పెట్టకూడదు. మొదటి విల్లుకి మాకు పదిహేను రోజులు పట్టింది. అదే తాత చేస్తే రెండు పూటల పని.

ఇక మేం చదువుకున్న వాళ్ళం కదా, అక్కడితో ఆగలేదు. ఒలింపిక్స్‌లో వాడే రికర్వ్ విల్లు చూశాం. దాని కొసలు ముందుకి, అంటే బాణం పోయే వైపుకి తిరిగి ఉంటాయి. అలా ఉంటే మొదటి నుంచే లాగుడు బిగువుగా ఉంటుంది. చివరికి పడే బరువు ఒకటే అయినా లోపల దాచుకునే శక్తి ఎక్కువ. మన వెదురుతో అలాంటిది చేద్దామనుకున్నాం. కొసల్ని నిప్పుల సెగ మీద వేడి చేసి, మొద్దు మీద వంచి, ఆరేదాకా కట్టి ఉంచాం. కొసలు చక్కగా తిరిగాయి. సెగకి నల్లబడ్డ చోట చూడ్డానికి బాలేదని మావాడు ఒకడు గాజుపెంకుతో నున్నగా గీకాడు. మూడో బాణానికే కణుపు దగ్గర ఫట్‌మని విరిగింది. ముక్క చెంప పక్క నుంచి పోయింది. తాత ఆ విరిగిన చోటు చూసి, "ఎముక తీసేసి నడవమంటే ఎట్టా నడుస్తది?" అన్నాడు. అంతకన్నా ఒక్క మాట అనలేదు.

రెండోది జాగ్రత్తగా చేశాం. తోలు ముట్టుకోలేదు. అది నిలిచింది.

అప్పుడు వాదన మొదలైంది. పాత తీరు తిన్నని విల్లు వేగమా, కొసలు తిరిగిన కొత్తది వేగమా? ఎవరికి నచ్చింది వాళ్ళు చెప్తున్నారు. కొలుద్దాం అన్నాను. మిషన్లు లేవు. మా దగ్గరున్నవి ఒక ఫోను, రెండు గుంజలు, ఒక తెల్ల దుప్పటి, సంతలో చింతపండు తూచే స్ప్రింగ్ కాటా.

మీరూ చెయ్యొచ్చు, అందుకే వివరంగా రాస్తున్నా. పది మీటర్ల దూరంలో రెండు గుంజలు పాతండి. వెనక తెల్ల దుప్పటి కట్టండి. ఫోన్‌ని ఎదురుగా, దూరంగా, రెండు గుంజలకీ సరిగ్గా మధ్యలో కదలకుండా నిలబెట్టండి. స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోను చాలు. బాణం మొన మొదటి గుంజ దాటిన ఫ్రేము నుంచి రెండో గుంజ దాటిన ఫ్రేము వరకు లెక్కపెట్టండి. 2400ని ఆ సంఖ్యతో భాగిస్తే సెకనుకు ఎన్ని మీటర్లో వస్తుంది. బాణం మీద ఒక గుర్తు పెట్టి ప్రతిసారీ అక్కడిదాకే లాగండి. ఒకే బాణం వాడండి. వెనక గడ్డిమోపులు పెట్టండి, ఆ వైపు మనిషి గానీ గొడ్డు గానీ ఉండకూడదు. బాణం లేకుండా నారి లాగి వదలొద్దు. బాణానికి పోవాల్సిన దెబ్బంతా విల్లుకే తగిలి విరుగుతుంది.

రెండు విల్లులూ కాటా మీద 16 కిలోల లాగుడుకే వచ్చేలా సరిచేశాం. 25 గ్రాముల బాణంతో ఐదేసిసార్లు వేసి సగటు తీశాం. తిన్నని విల్లుకి 62 ఫ్రేములు, అంటే సెకనుకు 38.7 మీటర్లు. కొసలు తిరిగిన దానికి 57 ఫ్రేములు, అంటే 42.1 మీటర్లు, గంటకి 150 కిలోమీటర్లు పైనే. ఒక ఫ్రేము లెక్క తప్పినా తేడా ముప్పావు మీటరు లోపే. కాబట్టి ఇది మా కంటి పొరపాటు కాదు. కొత్త విల్లే గెలిచింది. కుర్రాళ్ళం కేకలేశాం.

తాత ఏమీ అనలేదు. లోపలికి పోయి తన బాణం తెచ్చాడు. లావుగా ఉంది, తూచితే 35 గ్రాములు. "దీన్ని ఆ పాత దాంట్లో పెట్టి వెయ్యండి" అన్నాడు. వేశాం. 70 ఫ్రేములు, అంటే 34.3 మీటర్లు. "నెమ్మదించింది తాతా" అన్నాం. "గడ్డిమోపు చూడు" అన్నాడు. మిగతా వాటికన్నా లోతుగా దిగింది. కాగితం మీద లెక్క వేశాం. బరువుని వేగంతో రెండుసార్లు గుణిస్తే, అదే తిన్నని విల్లులో తేలిక బాణం కన్నా లావు బాణం సుమారు పదో వంతు ఎక్కువ శక్తి మోసుకుపోయింది. తేలిక బాణం విల్లులో ఉన్న శక్తిని మొత్తం తీసుకోలేదు. మేం ఫిజిక్స్ పుస్తకంలో చదివి మార్కులు తెచ్చుకున్న విషయం, బడి మొహం చూడని మనిషి చేతిలో బాణంగా ఉంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నా? మన విల్లుని బయటివాళ్ళు రెండు చోట్లే చూస్తున్నారు. ఒకటి స్టేజీ మీద అలంకారంగా, రెండోది కేసు కాగితం మీద. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆయుధాల జాబితాలో విల్లు, బాణం కూడా ఉన్నాయి. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో పోకూడదు. 2006 అటవీ హక్కుల చట్టం కూడా వేట హక్కు ఇవ్వలేదు. ఇది మన కుర్రాళ్ళు తెలుసుకోవాలి. మేం వేసింది గడ్డిమోపుల మీద, ఊరి పొలంలో.

కానీ అదే అటవీ హక్కుల చట్టం వెదురుని చిన్నతరహా అటవీ ఉత్పత్తి అంది. దాన్ని సేకరించే, వాడుకునే, అమ్ముకునే హక్కు మనదంది. జీవవైవిధ్యానికి, సంస్కృతికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమూహానికి మేధో హక్కు ఉందని కూడా సెక్షన్ 3లో రాసింది. ఏ వెదురు, ఎప్పుడు కొట్టాలి, ఎలా ఆరబెట్టాలి అనేది ఆ జ్ఞానం కాక మరేంటి? రాసి పెట్టుకోకపోతే తాతలతోనే పోతుంది. లేదంటే రేపు ఎవరో వచ్చి తమ పేరున రాసుకుంటారు.

ఇంకో సంగతి. దేశంలో విలువిద్య పోటీల్లో ఇండియన్ రౌండ్ అని ఒకటుంది. వెదురు, చెక్క విల్లులతోనే 30, 50 మీటర్ల దూరం వెయ్యాలి. ఒలింపిక్ రికర్వ్ కిట్ కొనాలంటే లక్షలు కావాలి. ఇండియన్ రౌండ్‌కి మన అడవిలో వెదురుంది, మన ఊళ్ళో చేసే చెయ్యి ఉంది. రాజస్థాన్ ఆదివాసీ పల్లెలో వెదురు విల్లుతో పెరిగిన లింబా రాం 1988, 1992, 1996 ఒలింపిక్స్‌లో దేశం తరఫున ఆడాడు. మన ఆశ్రమ పాఠశాలల్లో అలాంటి పిల్లలు లేరంటారా? వాళ్ళకి విల్లు ఇచ్చేవాళ్ళు లేరు.

అందుకే మూడు పనులు అడుగుతున్నా. మీ ఊళ్ళో విల్లు చెయ్యడం తెలిసిన పెద్దాయన ఉంటే ఈ చలికాలమే ఆయన దగ్గర కూర్చోండి. ఆయన చెప్పింది ఆయన పేరుతో, మన భాషలో, తెలుగులో రాసి గ్రామసభ తీర్మానంలో ఎక్కించండి. ఆశ్రమ పాఠశాలల్లో ఇండియన్ రౌండ్ నేర్పాలని, ఆ విల్లులు మన ఊళ్ళ దగ్గరే కొనాలని, నేర్పిన పెద్దలకు గౌరవ వేతనం ఇవ్వాలని ఐటీడీఏకి అర్జీ పెట్టండి. మీరు విల్లు చేస్తే వేగం కొలిచి మాకు పంపండి. విరిగితే అదీ పంపండి, ఎక్కడ విరిగిందో ఫోటో తీసి.

వచ్చే ఆగస్టు 9న మా నలుగురి చేతుల్లో మేం చేసిన విల్లులే ఉంటాయి. తాత మళ్ళీ అడిగితే, "పోద్ది తాతా" అని చెప్తాం.

మావ నాటే మావ రాజ్! జోహార్!