మాట ఒకటే, పనులు వేరు

హోసూరు, బళ్ళారి, బరంపురం వంటి చోట్ల మన పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో మరో భాష. ఆపైన బడిలో ఇంగ్లీషు. ఒక్కో మాటకు ఒక్క అర్థమే బట్టీ పడితే పరీక్షలో తడబడక తప్పదు.

‘బ్యాక్’ అనే మాట చూడండి. ‘మై బ్యాక్’ అంటే నా వీపు, అది నామవాచకం. ‘కమ్ బ్యాక్’ అంటే తిరిగి రా, అక్కడది క్రియావిశేషణం. ‘ఐ బ్యాక్ యూ’ అంటే నిన్ను బలపరుస్తాను, ఇప్పుడది క్రియ.

మనమైతే ‘ఫోన్’కు ‘చేయు’ చేర్చి ‘ఫోన్ చేశాను’ అంటాం. ఇంగ్లీషులో చాలా మాటలకు ఆ తోడు అక్కరలేదు. వాక్యంలో ఉన్న చోటే వాటి పనిని చెబుతుంది.

కనుక పిల్లలను ‘దీని అర్థమేమిటి?’ అని అడిగే ముందు, ‘ఈ వాక్యంలో ఇది ఏం పని చేస్తోంది?’ అని అడగండి.