న్యాయం చెప్పే కుర్చీకి మతం షరతా?



పోలీసులు మనవాణ్ణి పట్టుకుపోతే 24 గంటల్లో నిలబెట్టాల్సింది మెజిస్ట్రేటు ముందే. రిమాండా, బెయిలా అని తేల్చేది అక్కడే. కాలిన ఒంటితో ఆస్పత్రిలో ఉన్న ఆడబిడ్డ మరణ వాంగ్మూలం రాసుకునేదీ మెజిస్ట్రేటే. వాడ జనానికి హైకోర్టు దూరం, సుప్రీంకోర్టు మరీ దూరం. మనం మున్సబు కోర్టు అనుకునే ఆ గదే మనకు తెలిసిన న్యాయం. అందుకే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారని అడుగుతున్నాం.

జూనియర్ సివిల్ జడ్జిగా చేరినవాళ్ళే మెజిస్ట్రేటు పనీ చూస్తారు. మన రెండు రాష్ట్రాల్లో ఈ పోస్టులకు రిజర్వేషన్ ఉంది. ఎస్సీలకు 15 శాతం. కానీ అదే గూడెంలో పుట్టి, లా చదివిన కుర్రాడు బాప్తిస్మం తీసుకున్నానని నిజం చెప్పాడా, ఆ 15 శాతంలోంచి బయటపడతాడు. బీసీ-సీ అని 1 శాతంలోకి నెడతారు.

ఈ గీత గీసింది 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. హిందువు కానివాడు ఎస్సీ కాడంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు. క్రైస్తవులకు, ముస్లింలకు తియ్యలేదు. మద్రాసు రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అడిగితే, మతం మారాకా అవే బాధలున్నాయనడానికి తగిన రుజువు లేదని 1985లో సుప్రీంకోర్టు తిప్పి పంపింది. మతం షరతు తీసెయ్యమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. అది పక్కనపెట్టి 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు.

రుజువు కావాలా? మన పేటలకు రండి. ఊళ్ళో అద్దెకు ఇల్లు అడిగినప్పుడు, పిల్లకు సంబంధం చూసినప్పుడు, శవాన్ని మోసుకెళ్ళినప్పుడు బాప్తిస్మం సర్టిఫికెట్ చూసి కులం మరిచిపోయినవాడు ఎవడు? అందుకే మన పిల్లలకు బడి రిజిష్టరులో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. రేపు సాక్షి చేత నిజం చెప్పించాల్సిన మనిషిని, ఇవాళ తన దేవుణ్ణి దాచుకోమంటోంది చట్టం!

మతానికో కుర్చీ పంచమని మనం అడగడం లేదు. ఇప్పుడు ఎస్సీ జాబితాలో ఉన్న అన్నదమ్ముల కంచంలో ముద్ద లాక్కోమనీ అడగడం లేదు. తలలు లెక్కపెట్టండి, వాటా పెంచండి. కులాన్ని కులంగా చూడండి, మతం తక్కెట్లో తూచకండి అంటున్నాం.

ఇది చర్చి గొడవ అని మాల, మాదిగ సంఘాలు పక్కకు తప్పుకుంటే నష్టం అందరిదీ. ఊరు మనల్ని కొట్టేటప్పుడు ఏ దేవుడికి మొక్కుతావని అడగదు. మనమూ అడగొద్దు.

జై భీమ్!