అతిథి చూడవలసినది శిలలను మాత్రమేనా?

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగపాఠం)

 

క్రీ.శ. 1443లో హీరాత్ పాలకుడు షారుఖ్ పంపిన రాయబారి అబ్దుర్ రజాక్ విజయనగరానికి వచ్చాడు. 1520 ప్రాంతంలో పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ వచ్చాడు. వారు కోటలను, ఆలయాలను వర్ణించారు. అయితే అంతటితో ఆగిపోలేదు. వీధివీధినా గులాబీలు అమ్మేవారున్నారనీ, ఆ నగరవాసులకు పూలు అన్నంతో సమానమనీ రజాక్ వ్రాసుకున్నాడు. బియ్యం, పప్పుధాన్యాలు, ఉలవలు అంగళ్లలో ఎంత సమృద్ధిగా, ఎంత చౌకగా దొరికేవో పాయెస్ నమోదు చేశాడు. ఆనాటి రాళ్లు నేటికీ నిలిచి ఉన్నాయి. ఆనాటి జనజీవనం మాత్రం ఈ బాటసారుల వ్రాతల వల్లనే తెలుస్తున్నది. యాత్రికుడు మనుషులను చూసినందువల్ల చరిత్రకు కలిగిన లాభమిది.

నేటి యాత్రికుని సంగతి ఏమిటి? హోసపేటలో బస్సెక్కి, విరూపాక్షుని దర్శించి, విఠలాలయంలో రాతిరథం ముందు ఛాయాచిత్రం తీయించుకొని, లోటస్ మహల్ చూసి సాయంకాలానికి తిరుగుముఖం పడతాడు. విజయనగర రాజులు త్రవ్వించిన కాలువలు నేటికీ పారుతున్నాయనీ, దారి ప్రక్కనున్న అరటితోటలు ఆ నీటితోనే పెరుగుతున్నాయనీ అతనికి చెప్పేవారుండరు. ఆ తోటలో పనిచేసే రైతుతో ఒక్క మాటయినా మాట్లాడకుండానే అతని యాత్ర ముగుస్తుంది.

1986లో హంపి ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందింది. కీర్తితో పాటు చిక్కులూ వచ్చాయి. విరూపాక్షాలయం ముందున్న రథవీధిలో, పదహారవ శతాబ్దపు మంటపాలను ఆనుకొని కొన్ని తరాలుగా కుటుంబాలు నివసిస్తూ, చిన్న చిన్న అంగళ్లు నడుపుకొనేవి. 2011 జూలై చివర ఆ ఇళ్లను, దుకాణాలను తొలగించారు. మంటపాలకు గోడలు కట్టి, సున్నాలు పూసి, శిల్పాలను పాడుచేయడం తప్పేనన్న అధికారుల వాదంలో సత్యమున్నది. బజారు అన్నది జనం లేకుండా బజారు కాదన్న నివాసుల ఆవేదనలోనూ సత్యమున్నది. ఈ రెండు సత్యాలను కలిపి ఆలోచించే అవకాశం అప్పటికే చేజారిపోయింది. పర్యాటకం మొదలైననాడే ఆ ఊరివారిని సంరక్షకులుగా నిలబెట్టి ఉంటే, వారు ఆక్రమణదారులన్న నింద మోయవలసి వచ్చేది కాదేమో!

తుంగభద్రకు ఆవలి ఒడ్డున, కొప్పళ జిల్లాలోని ఆనెగొందిలో మరొక మార్గం కనిపిస్తుంది. అక్కడ చిత్రకారిణి శమా పవార్ 1997లో కిష్కింధ ట్రస్టును స్థాపించారు. అరటి గెల కోసిన తరువాత పారవేసే బోదె నుండి నార తీసి, ఆరబెట్టి, పేని, సంచులు, చాపలు అల్లడం అక్కడి స్త్రీలు నేర్చుకున్నారు. పాత ఇళ్లను కూలగొట్టక, బాగుచేసి, అతిథులకు బసగా ఇచ్చారు. అక్కడ దిగిన యాత్రికునికి నార అల్లే చేతులు కనిపిస్తాయి. జొన్నరొట్టె తట్టే చప్పుడు వినిపిస్తుంది. అతడిచ్చిన రూకలో కొంతభాగమైనా ఆ ఊరిలోనే మిగులుతుంది.

సాముదాయిక పర్యాటకమని పెద్దలు పిలిచేది దీనినే. ఊరివారే ఆతిథ్యమిచ్చేవారు. ధర నిర్ణయించేదీ, నియమాలు పెట్టేదీ వారే. ఆతిథ్యం ద్వారా వచ్చే ఆదాయమూ వారిదే.

ఈ ఆలోచన ఈ దేశానికే పరిమితం కాదు. పాలస్తీనాలోని బేత్లెహేమునకు క్రైస్తవ యాత్రికులు శతాబ్దాలుగా వస్తున్నారు. బస్సు దిగి, యేసు జనన మందిరం చూసి, ఒకటి రెండు గంటలలో వెళ్లిపోయేవారే ఎక్కువ. ఆ మందిరం చుట్టూ ఉన్న మనుషులు వారి కంటపడరు. ఈ లోటు తీర్చడానికే సమీపంలోని బేత్ సాహూర్ వాసులు 1995లో ఒక ప్రత్యామ్నాయ పర్యాటక సంస్థను నెలకొల్పి, యాత్రికులను తమ ఇళ్లకే ఆహ్వానించసాగారు. అతిథులు వారితో కలిసి భుజించారు. ఆలివ్ కాయలు కోసే కాలంలో తోటలకు వెళ్లారు. ఆ దాపునే ఉన్న బత్తీర్ గ్రామంలో కొండవాలు మడులకు ఊటనీటిని కుటుంబాలు వంతులవారీగా పంచుకునే ప్రాచీన పద్ధతిని చూశారు. 2014లో ఆ మడులు ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. 2023 అక్టోబరులో యుద్ధం మొదలైన పిమ్మట యాత్రికుల రాక దాదాపు స్తంభించింది. అయినా లోగడ ఆ ఇళ్లలో భోజనం చేసినవారికి పాలస్తీనా కేవలం వార్తాపత్రికలోని శీర్షిక కాదు. అన్నం పెట్టిన ఒక తల్లి ముఖం.

ఇక ఈ బళ్లారి సంగతికి వద్దాం. 2021లో విజయనగర జిల్లా వేరుపడడంతో హంపి ఆ జిల్లాకు చెందింది. చూపించడానికి బళ్లారిలో ఇంకేముందని నిరుత్సాహపడేవారున్నారు. ఇనుప ఖనిజమే జిల్లాకు సర్వస్వమని నమ్మినవారికి 2011లో సర్వోన్నత న్యాయస్థానం తవ్వకాలను నిలిపివేసినప్పుడు కళ్లు తెరుచుకున్నాయి. దరిమిలా తవ్వకాలకు దశలవారీగా అనుమతి లభించినా, భూమిలోని సంపద ఏనాటికైనా తరిగేదే.

తరగని సంపద ఇక్కడి జనజీవనంలో ఉన్నది. సండూరు తాండాలలో తెలుగువారు సుగాలీలు, లంబాడీలు అని పిలిచే లంబాణీ స్త్రీలు అద్దాలు, గవ్వలు, రంగుదారాలతో చేసే కుట్టుపనికి 2010లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. 2023 జూలైలో హంపిలో జి-20 సాంస్కృతిక సమావేశం జరిగినప్పుడు 1755 లంబాణీ కళాఖండాల ప్రదర్శన గిన్నిస్ పుటలకెక్కింది. వస్తువులు ప్రదర్శనకు వెళ్లాయి, సంతోషమే. యాత్రికుడు తాండాకే వచ్చి, కుట్టే అమ్మ ప్రక్కన కూర్చొని, ఆమెకు తోచిన ధరకు కొనే రోజు రావాలి. తెలంగాణలోని పోచంపల్లి ఇందుకు దారి చూపింది. మగ్గం చప్పుడు వినడానికి యాత్రికులు వెళ్లే ఆ గ్రామాన్ని 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసింది.

అయితే ఒక హెచ్చరిక అవసరం. గృహస్థు జీవితం ప్రదర్శనశాల కాదు. అనుమతి లేనిదే ఫొటో తీయరాదు. పండుగ దేవుని కోసం జరగాలి గాని కెమెరా కోసం కాదు. దళారి చేతిలో డబ్బు చిక్కితే ఊరికి మిగిలేది చెత్త మాత్రమే. అన్నిటికంటె ముఖ్యంగా, బడికి రావలసిన బాలుడు బొమ్మలకార్డులు పట్టుకొని విదేశీయుల వెంట పరుగెత్తడం పర్యాటకం కాదు, దౌర్భాగ్యం.

ఇందులో పాఠశాల పాత్ర పెద్దది. ఇది రెండు భాషల సరిహద్దు. బళ్లారి రాఘవను, ధర్మవరం రామకృష్ణమాచార్యులను, కోలాచలం శ్రీనివాసరావును తెలుగు నాటకానికి అందించిన ఊరిది. ఇంట తెలుగు, వీధిలో కన్నడం, తరగతిలో ఆంగ్లం నేర్చే ఇక్కడి విద్యార్థి సహజంగానే దుబాసి. తాతగారిని అడిగి ఊరి చెరువు కథ, అమ్మమ్మనడిగి పండుగ వంటల వివరం, నాటకాలాడినవారి జ్ఞాపకాలు విద్యార్థులు వ్రాసిపెట్టుకోవాలి. తన ఊరు తనకు తెలియనివాడు అతిథికి ఏమి చూపగలడు?

ఆనాడు రజాక్‌కు పూలమ్మినవారి పేర్లు ఎవరికీ తెలియవు. నేడు ఈ గడ్డకు వచ్చే యాత్రికుడు తిరిగి వెళ్లేటప్పుడు రాతిరథం చిత్రంతో పాటు తనకు మంచినీళ్లిచ్చినవారి పేరు కూడా జ్ఞాపకముంచుకొని వెళ్లాలి. అటువంటి ఆతిథ్యమివ్వగల పౌరులు ఈ బడి నుండి రావాలని ఆకాంక్షిస్తూ, సెలవు.