చమురు డ్రమ్మునకు తాళపుమూత

నేడు నేను మాటలాడబూనిన విషయము మిక్కిలి చిన్నది. అరచేతిలో నిముడునట్టి యొక లోహపుమూత, దానికొక తాళము, ఆ తాళమునకొక చెవి. వేదాంతమును గూర్చియో కావ్యములను గూర్చియో వినగోరి కూర్చున్నవారికి ఈ ప్రసంగము నిరాశ కలిగింపవచ్చును. అయినను ఈ చిన్నమూత లేకపోవుటచేత నేనొకప్పుడు చమురును పోగొట్టుకొంటిని. చమురుకంటె విలువగల దానిని వేరొకనికి పోగొట్టితిని. ఆ రెండవ నష్టమును చెప్పుటకే ముఖ్యముగా మీ యెదుటికి వచ్చితిని.

ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవు బాట నెరిగినవారికి ఆ సీమయొక్క స్వరూపము తెలియును. కొంతదూరము వరిమళ్లు, మిరపతోటలు, ప్రత్తిచేలు. ఆపైని టేకు, వెదురు, ఇప్ప, తునికి చెట్లుగల యడవి. అడవి కావల గోదావరి. ఆ సీమలో యంత్రములకు కొదువ లేదు. కొత్తగూడెము, ఇల్లెందు, మణుగూరు ప్రాంతముల బొగ్గుగనులును, సారపాకయందలి కాగితపు కర్మాగారమును అందరెరిగినవే. పెద్ద సంస్థలకు కాపలాదారులు కలరు, కాటాలు కలవు, కాగితములు కలవు. నా మాట వారిని గూర్చినది కాదు. ఏటియొడ్డున నీరు తోడు ఇంజను, పల్లెలోని ట్రాక్టరు, కరెంటు పోయిన రాత్రి చిన్న ఆసుపత్రిని వెలిగించు జనరేటరు, నదిపై తిరుగు మరపడవ - వీనికన్నిటికిని ఆహారము డీజిలు. పల్లెలలో దానిని 'ఆయిలు' అనియే యందురు. బంకు దూరము, దారి అడవిదారి, వానకాలమున వాగు పొంగిన దారి తెగును. కావున ఆయిలును డ్రమ్ములతో తెచ్చి దాచుకొనక తప్పదు. దాచినచోట దొంగకు పని దొరకును.

2021వ సంవత్సరపు చలికాలమున గోదావరియొడ్డున నాకొక మిరపతోట యుండెను. నీరు తోడుటకొక ఇంజను, దాని ప్రక్కను తాటాకు పందిరి, పందిరిక్రింద రెండువందల లీటర్ల డ్రమ్ము. రాత్రులయందు కావలికి ఒక కోయపడుచువాని నుంచితిని. తోడుటకు తీసిన మూతను మరల చేతితో బిగించుటయే నేనెరిగిన భద్రత. డ్రమ్ములో నెంత యున్నదో వ్రేలితో తట్టి, మ్రోత విని నిర్ణయించెడివాడను. పది దినములు రావలసిన ఆయిలు ఏడు దినములకే అడుగంటుచుండెను. ఇంజను ఎక్కువ త్రాగుచున్నదని మేస్త్రీని పిలిపించితిని. అతడు చూచి ఇంజనులో దోషము లేదనెను. దోషము ఇంజనులో లేనిచో మనుష్యునిలో నుండవలెనని నా బుద్ధికి తోచినది.

'ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టజాలడు' అను సామెత మనకు కలదు. ఈశ్వరుడు పట్టజాలని దొంగను నేను పట్టితి ననుకొంటిని. ఆ పడుచువానిని పిలిచి, నలుగురు వినుచుండగా అడుగరాని మాట లడిగితిని. అతడు ఎదురు మాటాడలేదు. ఆ మౌనమునే నేను ఒప్పుదలగా గ్రహించితిని. కూలి లెక్కచూచి చేతిలో పెట్టి పంపివేసితిని. అతడు పోయిన మరునాటినుండి నేనే పందిరిక్రింద పండుకొనదొడగితిని. అయినను నాలుగవనాడు నేను పల్లెకు భోజనమునకు పోయివచ్చునప్పటికి డ్రమ్ము మ్రోత మారియుండెను. తుప్పలలో వెదకగా ఒక ప్లాస్టిక్కు గొట్టము దొరకినది. ఇసుకలో మోటారుసైకిలు జాడ కనబడినది. దొంగ యెవ్వడో నాకు నేటికిని తెలియదు. ఎవ్వడు కాడో మాత్రము ఆ దినమున తెలిసినది.

ఇక ఆ గొట్టము చేయు పనిని గూర్చి కొంచెము చెప్పెదను. గొట్టముయొక్క ఒక కొనను చమురులో ముంచి, రెండవ కొనను నోటితో పీల్చి, ఆ కొనను చమురుమట్టముకంటె క్రిందుగా నుంచినచో, ఆవలివైపున దిగు చమురు బరువే ఈవలివైపు చమురును లాగికొనిపోవును. యంత్రము అక్కరలేదు, చప్పుడు లేదు, వెలుతురు లేదు. ఒక డబ్బా నిండుట కొన్ని నిమిషముల పని. ఈ పనిని దొంగలే కాదు, మన పల్లెలలో దొరలవంటివారును చేయుదురు కావున ఒక హెచ్చరిక. నోటితో పీల్చునపుడు డీజిలు ఊపిరితిత్తులలోనికి పోయినచో అవి తీవ్రముగా వాచి ప్రాణాపాయము కలుగును. మ్రింగినవానిచేత వాంతి చేయింపరాదు. వాంతిలో చమురు మరల ఊపిరిగొట్టమున పడును. వెంటనే వైద్యునికడకు గొనిపోవలెను. చేతిపంపు కొలదిపాటి వెలకే దొరకును, దానినే వాడుడు.

గొట్టమును లోనికి పోనీయకుండుటయే తాళపుమూత పని. ఇవి ముఖ్యముగా మూడు విధములు. మొదటిది, మూతపై నొక ఇనుపకప్పును కీలుతో బిగించి, దానికి మామూలు తాళము వేయుట. దీనిని పల్లెకమ్మరియు చేయగలడు. రెండవది, మూతలోనే తాళము గలది. చెవి పెట్టనంతవరకు దీని పైభాగము ఊరక గిరగిర తిరుగునే కాని మరలు విప్పుకొనదు. బలవంతునికిని పట్టు దొరకదు. మూడవది డ్రమ్మునకు తగినది. డ్రమ్ముపై రెండు బిరడాలుండును. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెంటికిని కప్పు వేసి తాళము పెట్టవలెను. పెద్దదానికి మాత్రమే తాళము వేసి చిన్నదానిని మరచుట, వీధితలుపు బిగించి పెరటితలుపు తెరచి యుంచుటవంటిది.

మూతలోని తాళము పని చేయు తీరు ముచ్చటైనది. లోపల చిన్నచిన్న కడ్డీలు వరుసగా స్ప్రింగుల క్రింద నిలిచియుండును. ప్రతి కడ్డీయు రెండు తునుకలు. సరియైన చెవి దూరినపుడు దాని పండ్లు ఒక్కొక్క కడ్డీని తగినంతయే లేపును. తునుకల నడిమి సందులన్నియు ఒక్క గీతకు వచ్చును. అప్పుడు లోపలి గుండు తిరుగును. ఒక్క కడ్డీ తక్కువ లేచినను, ఎక్కువ లేచినను తిరుగదు. కొయ్యకడ్డీలతో నిట్టి తాళములను ప్రాచీన ఈజిప్టువారే యెరుగుదురు. నేడు మనము వాడు చిన్న లోహపు రూపమును అమెరికాదేశస్థుడైన లైనస్ యేల్ 19వ శతాబ్దపు నడుమ సిద్ధపరచెను. ఇట్టి తాళమునకు ఇసుకయు దుమ్మును శత్రువులు. లోన ఇంజనుఆయిలు పోసినచో దుమ్ము పేరుకొని బిగిసిపోవును. పెన్సిలు ముల్లు పొడి చల్లిన చాలును.

ఇచ్చట నొక ముఖ్యమైన సంగతి కలదు. తొట్టి ఊపిరి పీల్చును. ఇంజను చమురు తీసికొనుకొలది ఆ చోటునకు గాలి లోనికి రావలెను. రానిచో లోపల శూన్యమేర్పడి చమురు దిగదు, ఇంజను ఆగిపోవును. అందువలన తాళపుమూత కొనునపుడు దానికి గాలిరంధ్రమున్నదా యని చూడవలెను. ఇంజనుకు తగిల్చిన తొట్టికిది తప్పనిసరి. దాచియుంచు డ్రమ్మునకు బిరడా బిగువుగానే యుండవలెను గాని మూతివరకు నింపరాదు. వేడికి డీజిలు ఉబ్బును. రెండువందల లీటర్ల చమురు ఇరువది డిగ్రీలు వేడెక్కినచో సుమారు మూడు లీటర్లు పెరుగును. ఆ సీమ యెండ లెరిగినవారికి ఇంతకంటె చెప్పనక్కరలేదు. నిలువుగానున్న డ్రమ్ము తలపై వాననీరు నిలిచినచో, రాత్రి చల్లబడునపుడు ఆ నీటిని బిరడాసందున లోనికి పీల్చికొనును. నీరు చేరినచోట సూక్ష్మజీవులు పెరిగి బురద కట్టును. కావున నీడయును, పైకప్పును ఉండవలెను.

తాళపుమూత ఒక్కటియే సర్వరక్షయని నేననను. తొట్టికి ద్వారములు నాలుగు: పైనోరు, అడుగుబిరడా, ఇంజనునకు పోవు గొట్టము, గాలిరంధ్రము. నోటికి మాత్రమే తాళము వేసినచో దొంగ అడుగుబిరడా విప్పును. దానిని గోడవైపునకు త్రిప్పియో, కప్పు బిగించియో కాపాడవలెను. మెడలోపల చిల్లులుగల ఇనుపజల్లెడ నమర్చినచో మూత తెరచినను గొట్టము దిగదు. తొట్టినే తొలుచువానికి మందు తాళము కాదు. దీపమును, మనుష్యుల మసలుటయును. ఏకాంతముగా ఏటియొడ్డున విడువక, మాటవినబడు దూరమున ఉంచుడు.

ఆయిలు దొంగతనము చిన్నదని తలపకుడు. 2019వ సంవత్సరము జనవరి 18వ తేదీన మెక్సికోదేశమున త్లావెలిల్పాన్ అనుచోట దొంగలు పొడిచిన పెట్రోలు గొట్టమునుండి చమురు చిమ్ముచుండగా, జనులు బిందెలతో, డబ్బాలతో మూగిరి. మంటలు లేచి నూరుమందికి పైగా మరణించిరి. మనదేశముననే 2011వ సంవత్సరము జనవరి 25వ తేదీన మహారాష్ట్రమున మన్మాడువద్ద, చమురు కల్తీని పట్టబోయిన అదనపు కలెక్టరు యశ్వంత్ సోనవణెను దుండగులు సజీవముగా దహించిరి. పొదలలో దొరకిన నా గొట్టపుముక్కకు ఆవలికొన యెచ్చట నున్నదో యెవరికి తెలియును?

చట్టమును గూడ తెలిసికొనుట మంచిది. 1934వ సంవత్సరపు పెట్రోలియము చట్టము ననుసరించి, డీజిలువంటి రెండవ తరగతి చమురును ఒక్కచోట 2500 లీటర్లవరకు, ఏ పాత్రయు 1000 లీటర్లకు మించకుండ, లైసెన్సు లేకయే ఉంచుకొనవచ్చును. పెట్రోలు విషయమున అమ్మకమునకు కానిచో 30 లీటర్లే పరిమితి. చీకటిలో డ్రమ్ము తెరచి అగ్గిపుల్ల గీచి చూచువాడు చట్టమును కాదు, యమునినే పిలుచుచున్నాడు.

గోదావరియొడ్డువారికి మరియొక మాట. 2022వ సంవత్సరము జూలైలో భద్రాచలమువద్ద నీటిమట్టము 71 అడుగులు దాటెను. 1986వ సంవత్సరమున 75 అడుగులు దాటియుండెను. డీజిలు నీటికంటె తేలిక. కావున నిండుడ్రమ్ము సైతము వరదలో తేలిపోవును. మూత ఊడినచో బావులును పొలములును చెడును. 43 అడుగులవద్ద మొదటి హెచ్చరిక వినబడగనే డ్రమ్మును మెరకకు చేర్చుడు. వరదదినములలో పడవకును ఆసుపత్రికిని ఆ పదిలీటర్లే ప్రాణము కావచ్చును.

ఇక లెక్క సంగతి. నిలువుడ్రమ్ములో ఒక సెంటీమీటరు ఎత్తు సుమారు రెండున్నర లీటర్లు. గుర్తులు పెట్టిన కొలబద్దయును, ఒక చిట్టాపుస్తకమును చాలును. భద్రాచలసీమకు లెక్క అనుమాట కొత్తది కాదు. పాల్వంచ పరగణా తహశీలుదారైన కంచెర్ల గోపన్న, మన రామదాసు, ఖజానాసొమ్ము గుడికి వెచ్చించి గోలకొండలో చెరయుండెను. రామలక్ష్మణులే వచ్చి తానాషాకు పైకము చెల్లించిరని జనులు చెప్పుకొందురు. మనబోటివారి బాకీ తీర్చుటకు వారు రారు. మన చిట్టాయే రావలెను.

గొట్టము దొరకిన మూడవనాడు నేను ఆ పడుచువాని గూడెమునకు పోతిని. నలుగురియెదుట అన్న మాటను నలుగురియెదుటనే వెనుకకు తీసికొనవలెనని, అతని పెద్దలను పిలిపించి తప్పు ఒప్పుకొంటిని. తాళపుమూత తెచ్చితిననియు, చెవి అతనికే యిత్తుననియు చెప్పితిని. అతడు కొంతసేపటికి ఇట్లనెను: "తాళంచెవి నాకొద్దయ్యా. కొలబద్ద ఇయ్యండి. పొద్దుగూకి మీరొకమారు చూడండి, తెల్లారి నేనొకమారు చూస్తాను. ఇద్దరి లెక్కా ఒకటైతే, ఇంక నన్నెవరూ ఏమీ అనలేరు."

ఇన్నాళ్లును తాళము దొంగను ఆపుటకే యనుకొనియుంటిని. అది దొంగకానివానిని గూడ కాపాడునని ఆనాడు తెలిసికొంటిని. తెరచియున్న డ్రమ్ము ప్రక్కను నిలిచిన ప్రతివాడును అనుమానమునకు లోబడినవాడే. అందులోను అడవివాడైనచో, పేదవాడైనచో, ఆ అనుమానము మరింత తేలికగా వానిపై వ్రాలును. మూత వేయని యజమానుడు తన యజాగ్రత్తకు వెల వేరొకని పరువుతో చెల్లించుచున్నాడు. అతడు మరల పనికి వచ్చెను. చిట్టాలో అతని గీతలును నా గీతలును ప్రక్కప్రక్కనే యున్నవి. కాని నేనన్న మాటను మాత్రము ఏ చిట్టాలోను కొట్టివేయజాలకపోతిని.

కావున శ్రోతలారా, మీ యింట చమురుడ్రమ్మున్నచో రేపే దానికి తాళపుమూత వేయింపుడు. చెవులు రెండు చేయించి, ఒకటి పెట్టెలో దాచుడు. ప్రతిదినము కొలిచి వ్రాయుడు. అంతవరకు ఎవ్వరినిగాని దొంగ యనకుడు.