పల్లెలోని నెమ్మది



తెనాలిలో రైలెక్కితే రేపల్లెతో పట్టాలు ఆగిపోతాయి. అక్కడినుండి సముద్రందాకా వరిచేలు, కాలువలు, చెరువులు. బాపట్ల వైపూ అంతే. పట్నంనుండి వచ్చినవారు, "అబ్బ, ఎంత నెమ్మది!" అంటారు. నిజమే. అయితే ఆ నెమ్మదిలో కాపురమున్నవారిని ఎప్పుడైనా అడిగారా?

పూర్వం వరి కోతకు ముందే చేలో మినుములు చల్లేవారు. ఇప్పుడు చాలాచోట్ల మొక్కజొన్న, జొన్న వేస్తున్నారు. పంట మారినా పొలంలో పని ఉంది. ఇంట్లోనే మనుషులు లేరు. కొడుకు హైదరాబాదులో, కూతురు అమెరికాలో. చీకటి పడకముందే తలుపు గడియ. మోకాళ్ళ నొప్పులతో మందిరానికి రాలేని మామ్మకు ఆదివారమూ సోమవారమూ ఒకటే.

1977 నవంబరు 19 నాటి తుపాను చూసిన పెద్దలు ఈ తీరాన ఇంకా ఉన్నారు. గాలి హోరు మొదలైతే వారు ముందుగా చూసేది పక్కింట్లో దీపముందా అనే. ఆ పక్కింటికి ఇప్పుడు తాళం!

ఏలీయా హోరేబులో నిశ్శబ్దంలోనే దేవుని స్వరం విన్నాడని మనం తరచుగా చెప్పుకుంటాం. తరువాతి సంగతి చెప్పుకోము. దేవుడు అతన్ని గుహలో ఒంటరిగా ఉంచలేదు; తిరిగి వెళ్ళమన్నాడు, ఎలీషాను చూపించాడు.

ప్రియులారా, ఈ ఆదివారం ఆరాధన కాగానే బండి తీయకండి. వీధి చివరి ఇంటికి నడిచి వెళ్ళండి. ప్రార్థన చేయమని వారే అడుగుతారులెండి. ముందు కూర్చోండి, వారిని మాట్లాడనివ్వండి. బీపీ మాత్రలు అయిపోయాయేమో చూడండి.